ఫోల్డరుకి 777 కొట్టకండి: ఎస్, టీ బిట్లు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తీసేయాలి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులకి కొదవలేదు. అలాంటి ఒక ల్యాబులో ఒకే ఒక్క ఉబుంటు కంప్యూటరు ఉందనుకుందాం. దాన్ని ముగ్గురు వాడతారు. ఆకివీడు నుంచీ కాళ్ళ నుంచీ సీసాల్లో వచ్చిన నీటికి పీహెచ్, సెలినిటీ, అమ్మోనియా చూసి అంకెలు ఎక్కించే టెక్నీషియన్. ఆ అంకెలు చూసి రైతుకి ఫోన్లో సలహా చెప్పే పెద్దాయన. బిల్లులు రాసే గుమస్తా. ముగ్గురికీ వేరువేరు లాగిన్లు ఉన్నాయి: పరీక్ష, సలహా, లెక్క.

టెక్నీషియన్ సేవ్ చేసిన ఫైలుని పెద్దాయన తెరిస్తే తెరుచుకుంటుంది, అందులో ఒక్క అంకె మార్చి సేవ్ చేయబోతే మాత్రం కుదరదంటుంది.

"ఏవండీ, మీ ఫైల్లో నన్ను ఒక్క ముక్క కూడా రాయనివ్వట్లేదండి."

"ఆ ఫోల్డరుకి 777 కొట్టెయ్యండి, అదే పోద్ది."

లోపలి ఫైళ్ళతో సహా కొడితే ఇప్పటికి పోతుంది, నిజమే. 777 అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేయడం. దాంతోపాటు ఇంకోటి కూడా పోతుంది. ఆ ఫోల్డరులో ఎవరి ఫైలునైనా ఎవరైనా తీసేయొచ్చు అన్నట్టు తలుపు బార్లా తెరుచుకుంటుంది. ఒకరోజు గుమస్తా పాతవి సర్దుతూ నెల రోజుల ఫలితాలు తుడిచేస్తే ఆపడానికి అక్కడ అడ్డేమీ లేదు.

ఈ ఇబ్బందికి ఉబుంటు లాంటి లినక్స్‌లకి మూలమైన యూనిక్స్‌లో మందు ఎప్పటినుంచో ఉంది. మామూలు తొమ్మిది పర్మిషన్ బిట్ల పైన మరో మూడు ఉంటాయి: సెట్‌యూఐడీ, సెట్‌జీఐడీ, స్టికీ. పాఠ్యపుస్తకాలు వీటిని ఇదే వరసలో, సెట్‌యూఐడీతో మొదలుపెట్టి చెబుతాయి. మీలాంటి చిన్న ఆఫీసుకి ఆ వరస తలకిందులుగా ఉండాలని నా అభిప్రాయం. సెట్‌జీఐడీ, స్టికీ మీరు చేత్తో పెట్టాల్సినవి. సెట్‌యూఐడీని మీరు ఎప్పుడూ పెట్టరు, ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టి తగ్గిస్తారు, అంతే.

ఒక మాట. ఇక్కడ కమాండ్లన్నీ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలే కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను.

ముందు చూడటం నేర్చుకోండి

ఏదైనా మార్చేముందు ఉన్నదేంటో చూడాలి. ఫోల్డరు పర్మిషన్లకి ఇది కొట్టండి (టీఎంపీ అంటే అందరూ తాత్కాలిక ఫైళ్ళు పడేసే ఫోల్డరు):

ఎల్ఎస్ -ఎల్‌డీ /టీఎంపీ

వరస మొదట్లో డీ, ఆ తర్వాత మూడేసి చొప్పున మూడు గుంపులు కనిపిస్తాయి: ఆర్‌డబ్ల్యూఎక్స్, ఆర్‌డబ్ల్యూఎక్స్, ఆర్‌డబ్ల్యూటీ. మొదటిది ఓనరుకి, రెండోది గ్రూపుకి, మూడోది మిగతా అందరికీ. ఆర్ అంటే చదవడం, డబ్ల్యూ అంటే రాయడం, ఎక్స్ అంటే ప్రోగ్రాం అయితే నడపడం, ఫోల్డరు అయితే లోపలికి పోవడం. చివర ఎక్స్ ఉండాల్సిన చోట టీ ఉంది చూశారా, అదే స్టికీ బిట్. ఓనరు గుంపులో ఎక్స్ బదులు ఎస్ ఉంటే సెట్‌యూఐడీ, గ్రూపు గుంపులో ఉంటే సెట్‌జీఐడీ.

అంకెల్లో చూస్తే ఒక్కో గుంపుకి ఒక్కో అంకె: ఆర్ కి 4, డబ్ల్యూకి 2, ఎక్స్ కి 1, మూడూ ఉంటే 7. ఆ మామూలు మూడంకెల ముందు నాలుగో అంకె వచ్చి చేరుతుంది. సెట్‌యూఐడీకి 4, సెట్‌జీఐడీకి 2, స్టికీకి 1. రెండు కావాలంటే కూడుకోవాలి. సెట్‌జీఐడీ, స్టికీ రెండూ కలిపి 3. టీఎంపీ ఫోల్డరు పర్మిషన్ 1777. అంకెల్లోనే చూపించమంటే:

స్టాట్ -సీ '%ఏ %యూ:%జీ %ఎన్' /టీఎంపీ

ఇందులో యూ, జీ పెద్ద అక్షరాలు.

ఎస్ గానీ టీ గానీ పెద్ద అక్షరంగా కనిపిస్తే ఆ స్థానంలో బిట్ ఉంది గానీ దాని కింద ఉండాల్సిన ఎక్స్ లేదని అర్థం. చాలాసార్లు అది ఎవరో అంకె తప్పు కొట్టిన గుర్తు. గ్రూపుకి 7 బదులు 6 కొడితే, సెట్‌జీఐడీ పెట్టినా గ్రూపు వాళ్ళు ఆ ఫోల్డరు లోపలికి పోలేరు.

గ్రూపు కట్టి, సెట్‌జీఐడీ పెట్టండి

అసలు జబ్బు ఎక్కడుందంటే, టెక్నీషియన్ కొత్త ఫైలు సృష్టిస్తే లినక్స్ దానికి ఆయన సొంత గ్రూపునే అంటగడుతుంది. ఆ గ్రూపులో ఆయన ఒక్కడే ఉంటాడు. అందుకే పెద్దాయన ఆ ఫైలుకి 'మిగతా అందరి' కిందే లెక్క. ఫోల్డరుకి సెట్‌జీఐడీ పెడితే అందులో పుట్టే ప్రతి ఫైలూ ఫోల్డరు గ్రూపునే తీసుకుంటుంది. లోపల పుట్టే కొత్త ఫోల్డర్లకి ఆ బిట్ కూడా వారసత్వంగా వస్తుంది. ఫ్రీబీఎస్‌డీ, మాక్ వాడేవాళ్ళకి ఈ గొడవ లేదు. అక్కడ గ్రూపు ఎప్పుడూ ఫోల్డరు నుంచే వస్తుంది.

మొదట గ్రూపు. కమాండు ముందు సుడో అంటే దాన్ని రూట్ అధికారంతో నడపమని, రూట్ అంటే అన్ని హక్కులూ ఉన్న యూజరు:

సుడో గ్రూప్‌యాడ్ ల్యాబ్
సుడో యూజర్‌మాడ్ -ఏజీ ల్యాబ్ పరీక్ష

రెండో కమాండు సలహాకీ లెక్కకీ కూడా కొట్టండి. అందులో ఏ చిన్నది, జీ పెద్దది. ఆ ఏ మాత్రం మరవకండి. ఏ లేకుండా జీ ఒక్కటే కొడితే ఆ యూజరు అప్పటిదాకా ఉన్న మిగతా అదనపు గ్రూపులన్నింట్లోంచీ బయటపడతాడు. అందులో సుడో గ్రూపు కూడా ఉంటే ఇక ఆ లాగిన్‌తో సుడో పనిచేయదు.

గ్రూపులో చేర్చాక ముగ్గురూ ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ లోపలికి రావాలి. అంతవరకూ పాత సెషన్‌కి కొత్త గ్రూపు సంగతి తెలియదు. ఐడీ అని కొడితే ల్యాబ్ పేరు కనబడాలి. కనబడకపోతే ముందుకెళ్ళకండి. తర్వాత వచ్చే ప్రతి తప్పునీ ఫోల్డరు మీదకి నెట్టి గంటలు పోగొట్టుకుంటారు.

ఇప్పుడు ఫోల్డరు సృష్టించి, దాని గ్రూపు మార్చి, పర్మిషన్ పెట్టండి:

సుడో ఎంకేడిఐఆర్ /ఎస్ఆర్‌వీ/నీరు
సుడో సీహెచ్‌జీఆర్‌పీ ల్యాబ్ /ఎస్ఆర్‌వీ/నీరు
సుడో సీహెచ్‌మాడ్ 2770 /ఎస్ఆర్‌వీ/నీరు

చివరి సున్నా సంగతి గమనించారా. గ్రూపులో లేనివాళ్ళు ఈ ఫోల్డరులోకి తొంగి కూడా చూడలేరు. ఫలానా వాళ్ళ చెరువులో అమ్మోనియా ఎక్కువైందన్న సంగతి పక్క రైతుకీ మేత కంపెనీ వాళ్ళకీ తెలియనక్కర్లేదు కదా.

ఫోల్డరు ముందే ఉండి, అందులో పాత ఫైళ్ళున్నాయంటే ఇంకొంచెం పని ఉంది. కొత్తగా పెట్టిన బిట్ పాతవాటిని ముట్టుకోదు. మొదట గ్రూపు మార్చండి, తర్వాత లోపలి ఫోల్డర్లకి మాత్రమే బిట్ పెట్టండి:

సుడో సీహెచ్‌జీఆర్‌పీ -ఆర్ ల్యాబ్ /ఎస్ఆర్‌వీ/నీరు
సుడో ఫైండ్ /ఎస్ఆర్‌వీ/నీరు -టైప్ డీ -ఎగ్జెక్ సీహెచ్‌మాడ్ జీ+ఎస్ {} +

మొదటి దాంట్లో ఆర్ పెద్దది. సీహెచ్‌మాడ్‌కే -ఆర్ తగిలిస్తే ఒక్క కమాండుతో అయిపోతుంది కదా అనిపిస్తుంది. అయిపోతుంది గానీ ఫైళ్ళకి కూడా ఎస్ అంటుకుంటుంది. ఫైలుకి ఎస్ అంటే అర్థమే వేరు. ఆ ప్రోగ్రాంని ఎవరు నడిపినా అది ఆ గ్రూపు అధికారంతో నడుస్తుందని. లెక్కల పట్టికకి ఆ ముద్ర అనవసరం.

ఇక్కడిదాకా చేసి చాలామంది ఆగిపోతారు

ఆగాక పెద్దాయన మళ్ళీ ఫోన్ చేస్తారు: "ఇంకా రాయనివ్వట్లేదండీ." ఫైలు గ్రూపు ల్యాబ్ అనే చూపిస్తుంది, అయినా రాయడం కుదరదు. కారణం యూమాస్క్. సెట్‌జీఐడీ గ్రూపు పేరు మాత్రమే మారుస్తుంది, ఆ గ్రూపుకి రాసే హక్కు ఇవ్వదు. కొత్త ఫైలుకి ఎన్ని హక్కులు మిగలాలో చెప్పేది సృష్టించినవాళ్ళ యూమాస్క్. అది 022 అయితే ఫైలు 644 గా పుడుతుంది, అంటే గ్రూపుకి చదవడం వరకే. 002 అయితే 664 గా పుడుతుంది. ఒక్కొక్కరి లాగిన్‌లో యూమాస్క్ అని కొట్టి చూడండి, ఒకరికి ఒకలా ఇంకొకరికి ఇంకోలా ఉండొచ్చు.

ముగ్గురి ప్రొఫైల్ ఫైళ్ళలోనూ 002 రాసి పెట్టొచ్చు. రేపు నాలుగో మనిషి చేరితే అది రాయాలని ఎవరికి గుర్తుంటుంది? అంతకంటే ఫోల్డరుకే చెప్పి పెట్టడం మేలు:

సుడో సెట్‌ఎఫ్ఏసీఎల్ -డీ -ఎం జీ::ఆర్‌డబ్ల్యూఎక్స్ /ఎస్ఆర్‌వీ/నీరు

ఈ డిఫాల్ట్ ఏసీఎల్ (కొత్త ఫైళ్ళకి ఇవ్వాల్సిన హక్కుల జాబితా) ఉన్న ఫోల్డరులో కొత్త ఫైలు పుట్టేటప్పుడు యూమాస్క్‌ని లెక్కలోకి తీసుకోరు. ఫోల్డరు చెప్పిందే చెల్లుతుంది. లోపల ముందే ఉన్న ఫోల్డర్లకి దీన్ని విడిగా పెట్టాలి. కొత్తగా పుట్టేవాటికి దానంతటదే వస్తుంది.

ఇంకో గుంట ఉంది. టెక్నీషియన్ తన డెస్క్‌టాప్ మీద ఫైలు తయారుచేసి, ఎంవీ కమాండుతో గానీ మౌస్‌తో లాగి గానీ నీరు ఫోల్డరులో పడేస్తే దాని గ్రూపు మారదు. అది అక్కడ పుట్టలేదు, మకాం మార్చింది అంతే. పాత గ్రూపూ పాత హక్కులూ వెంటే వస్తాయి. సీపీతో కాపీ చేస్తే కొత్త ఫైలు పుడుతుంది కాబట్టి ల్యాబ్ గ్రూపు వస్తుంది, పాత హక్కులు అలాగే ఉంచమనే -పీ పెట్టనంతవరకూ. ఆఫీసులో అందరికీ ఒకటే మాట చెప్పండి: కాపీ చేయండి, కట్ చేయకండి.

స్టికీ: ఒకరిది ఒకరు తీసేయకుండా

ఫైలు తీసేసే హక్కు ఫైలు పర్మిషన్లలో ఉండదు. అది ఫోల్డరు మీద రాసే హక్కులో ఉంటుంది. ఫైలుకి చదివే హక్కు కూడా లేని మనిషి, ఫోల్డరులో రాయగలిగితే చాలు, ఆ ఫైలుని తుడిచేయగలడు. కొత్తవాళ్ళకి అన్నిటికంటే మింగుడుపడని సంగతి ఇదే. 777 ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

ఫోల్డరుకి స్టికీ పెడితే ఒక ఫైలుని తీసేయడానికీ పేరు మార్చడానికీ ముగ్గురికే వీలుంటుంది: ఆ ఫైలు ఓనరు, ఫోల్డరు ఓనరు, రూట్. ఫోల్డరు ఓనరుకీ ఉంది కాబట్టి ఫోల్డరుని రూట్ పేరు మీదే ఉంచండి. అందుకే పైన సుడోతో సృష్టించమన్నాను.

ఈ బిట్‌కి ఆ పేరు ఎందుకొచ్చిందో ఇప్పటి పని చూస్తే అర్థం కాదు. తొలినాళ్ళలో దాన్ని ప్రోగ్రాం ఫైళ్ళకి పెట్టేవారు, ప్రోగ్రాం ముగిసినా దాని కోడు డిస్కులో మెమరీకి సాయంగా ఉంచే స్వాప్‌లో అంటిపెట్టుకుని ఉండాలని. ఆ పని ఎప్పుడో పోయింది. లినక్స్ ఫైళ్ళ మీది స్టికీని అసలు పట్టించుకోదు. మిగిలింది ఫోల్డర్ల కాపలా ఒక్కటే.

నీరు ఫోల్డరుకి 3770 పెట్టేద్దామా? తొందరపడకండి. స్టికీ తుడిచేయడాన్ని ఆపుతుంది గానీ లోపల రాతని కాపాడదు. గ్రూపుకి రాసే హక్కుంటే గుమస్తా ఫైలుని తీసేయలేడు, కానీ తెరిచి అందులో ఉన్నదంతా చెరిపి సేవ్ చేయగలడు. ఇంకోవైపు, ఫైల్లో మాటలు మార్చే సెడ్ -ఐ లాంటి కమాండ్లు ఫైలుని ఉన్నచోటే దిద్దవు. పక్కన కొత్తది రాసి పాతదాని పేరు దానికి పెడతాయి. స్టికీ ఫోల్డరులో ఇంకొకరి ఫైలు మీద ఆ పేరు మార్పిడి చెల్లదు.

అన్నిటికంటే అయోమయం పెట్టేది మరోటి ఉంది. లినక్స్ కి గుండెకాయ లాంటిది కెర్నల్. 2018 లో వచ్చిన 4.19 కెర్నల్‌లో ఎఫ్ఎస్.ప్రొటెక్టెడ్_రెగ్యులర్ అనే సెట్టింగు చేరింది. దాని విలువ 2 గా ఉన్న మెషీన్లో, గ్రూపు రాయగల స్టికీ ఫోల్డరులో ఇంకొకరి ఫైలుకి రెండు బాణం గుర్తులతో ఒక వరస చేర్చబోతే పర్మిషన్ లేదంటుంది. ఫైలుకి 664 ఉన్నా అంతే, సుడో షెల్లో నుంచి చేసినా అంతే. ఫైలు, ఫోల్డరు ఒకే ఓనరువి అయితే తప్ప ఊరుకోదు. దొంగచాటు ఫైళ్ళతో ప్రోగ్రాంలని మోసం చేయకుండా పెట్టిన అడ్డు అది. మంచిదే, కానీ తెలియకపోతే జుట్టు పీక్కోవాలి. మీ దగ్గర ఎంతుందో చూడాలంటే:

సిస్‌సీటీఎల్ ఎఫ్ఎస్.ప్రొటెక్టెడ్_రెగ్యులర్

కాబట్టి ఒకే ఫోల్డరుతో రెండు పనులూ చేయించకండి. ముగ్గురూ కలిసి దిద్దుకునే రోజువారీ పట్టికలకి 2770 ఫోల్డరు. పని పూర్తయి రైతుకి పంపిన నివేదికలు ఎవరివి వాళ్ళు పడేసి వదిలేసే చోటుకి 3770 ఫోల్డరు:

సుడో ఎంకేడిఐఆర్ /ఎస్ఆర్‌వీ/తుది
సుడో సీహెచ్‌జీఆర్‌పీ ల్యాబ్ /ఎస్ఆర్‌వీ/తుది
సుడో సీహెచ్‌మాడ్ 3770 /ఎస్ఆర్‌వీ/తుది
సుడో సెట్‌ఎఫ్ఏసీఎల్ -డీ -ఎం జీ::ఆర్‌ఎక్స్ /ఎస్ఆర్‌వీ/తుది

నాలుగోది గమనించండి. ఇక్కడ గ్రూపుకి చదివే హక్కు చాలు, అందుకే డబ్ల్యూ తీసేశాం. ఈ ఫోల్డరులోకి తెచ్చేవాటికి కూడా కాపీ నియమమే వర్తిస్తుంది, లాగి పడేస్తే పాత హక్కులతోనే వస్తాయి. ఇలా కాపీ చేసిన నివేదికని మిగతా ఇద్దరూ చూడగలరు, దిద్దలేరు, తీసేయలేరు.

తర్వాత ఎవరైనా సీహెచ్‌మాడ్ 770 అని మూడంకెలే కొడితే ఏమవుతుంది? లినక్స్‌లో ఉండే గ్నూ సీహెచ్‌మాడ్ ఫోల్డరు మీది ఎస్‌ని అలాగే ఉంచుతుంది, టీని మాత్రం తీసిపారేస్తుంది. పైకి ఎస్ కనబడుతూనే ఉంటుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం, కాపలా మాత్రం పోయి ఉంటుంది. ఎస్‌ని కావాలనే తీయాలంటే జీ-ఎస్ అనాలి, లేదా 00770 అని ఐదంకెలు కొట్టాలి.

సెట్‌యూఐడీ: పెట్టకండి, లెక్కపెట్టండి

పాస్‌వర్డులు గిలకొట్టిన రూపంలో ఉండే ఫైలు /ఈటీసీ/షాడో. దాన్ని మామూలు యూజరు చదవనైనా చదవలేడు. మరి గుమస్తా తన పాస్‌వర్డు తానే ఎలా మార్చుకుంటున్నాడు? పాస్‌డబ్ల్యూడీ ప్రోగ్రాం ఓనరు రూట్, దానికి సెట్‌యూఐడీ ఉంది. ఎవరు నడిపినా అది రూట్ అధికారంతో నడుస్తుంది. మన కాలవల మీద తూము తలుపు ఎత్తే హక్కు రైతుకి ఉండదు, లస్కరుకి ఉంటుంది. రైతు వెళ్ళి అడిగితే లస్కరు వంతు చూసి, శాఖ తనకిచ్చిన అధికారంతో, ఎంత మేరకు ఎత్తాలో అంతే ఎత్తుతాడు. తాళం మాత్రం రైతు చేతికివ్వడు. సెట్‌యూఐడీ ప్రోగ్రాం చేసే పని అదే. అడిగినవాడు ఎవరో చూసుకుని, అతని వరస ఒక్కటే మార్చి బయటకొస్తుంది.

ఈ ఆలోచన డెనిస్ రిచీది. దాని మీద బెల్ ల్యాబ్స్ పేటెంటుకి 1973 లో దరఖాస్తు పెడితే 1979 లో వచ్చింది. తర్వాత దాన్ని అందరికీ వదిలేశారు.

ఆలోచన గొప్పదే, కాకపోతే ఆ ప్రోగ్రాంలో ఒక్క తప్పు దొర్లినా దాన్ని నడిపిన ప్రతివాడూ రూట్ అయి కూర్చుంటాడు. 2021 జనవరిలో సుడోలోనే అలాంటి లోపం బయటపడింది. 2011 నుంచీ అక్కడే ఉందట. ఏడాది తిరిగేసరికి, 2022 జనవరిలో, సుడో లాంటి పనే చేసే పీకేఎగ్జెక్‌లో ఇంకోటి బయటపడింది. అది 2009 లో ఆ ప్రోగ్రాం పుట్టినప్పటి నుంచీ ఉంది. అప్‌డేట్ వచ్చేలోపు దానికి చెప్పిన తాత్కాలిక మందేమిటో తెలుసా? సీహెచ్‌మాడ్ 0755. అంటే ఆ ఎస్ తీసేయడమే.

మీ మెషీన్లో ఎన్ని ఉన్నాయో ఇలా చూడండి:

సుడో ఫైండ్ / -ఎక్స్‌డెవ్ -టైప్ ఎఫ్ -పెర్మ్ /6000 -ఎల్ఎస్

6000 ముందున్న వాలుగీతకి 'సెట్‌యూఐడీ, సెట్‌జీఐడీ రెండిట్లో ఏది ఉన్నా' అని అర్థం. దాని బదులు హైఫన్ పెడితే రెండూ ఉన్నవే చూపిస్తుంది, జాగ్రత్త. -ఎక్స్‌డెవ్ ఉంది కాబట్టి వేరే పార్టిషన్లలోకి వెళ్ళదు. హోమ్ విడిగా ఉంటే దానికి మళ్ళీ కొట్టండి.

పాస్‌డబ్ల్యూడీ, ఎస్‌యూ, సుడో, మౌంట్, యూమౌంట్, సీహెచ్‌ఎస్‌హెచ్, న్యూజీఆర్‌పీ, జీపాస్‌డబ్ల్యూడీ కనిపిస్తే కంగారుపడకండి, అవి ఉండాల్సినవే. పింగ్ ఒకప్పుడు ఈ జాబితాలో ఉండేది. ఇప్పుడు చాలా డిస్ట్రిబ్యూషన్లలో దానికి సెట్‌యూఐడీ లేకుండానే సరిపోతోంది. తెలియని పేరు కనిపిస్తే అది ఏ ప్యాకేజీదో అడగండి: డీపీకేజీ -ఎస్, పక్కన ఫైలు దారి. ఎస్ పెద్దది. ఏ ప్యాకేజీకీ చెందని సెట్‌యూఐడీ ఫైలు, అందులోనూ హోమ్‌లోనో టీఎంపీలోనో ఉంటే, తేలిగ్గా తీసుకోకండి. ముందు నెట్ కేబుల్ పీకి అప్పుడు ఆలోచించండి.

ప్యాకేజీదే అయినా మీకు అవసరం లేకపోతే యూ-ఎస్ తో తీసేయొచ్చు. కానీ తర్వాతి అప్‌డేట్‌లో అది మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఉబుంటు, డెబియన్‌లలో మీ నిర్ణయం నిలబడాలంటే:

సుడో డీపీకేజీ-స్టాట్‌ఓవర్‌రైడ్ --అప్‌డేట్ --యాడ్ రూట్ రూట్ 0755 ఫైలు-దారి

బ్యాకప్ స్క్రిప్టుని గుమస్తా కూడా నడపగలగాలి, దానికి రూట్ హక్కు కావాలి, కాబట్టి స్క్రిప్టుకి 4755 పెడదామని ఎవరో ఒకరు అంటారు. పెట్టినా ఉపయోగం లేదు. లినక్స్ స్క్రిప్టుల మీది సెట్‌యూఐడీని పట్టించుకోదు. వీఐసుడోతో సుడో నియమాల ఫైలు తెరిచి, లెక్క అనే యూజరుకి ఆ ఒక్క స్క్రిప్టునే రూట్‌గా నడిపే అనుమతి రాయండి. ఆ స్క్రిప్టూ, అది ఉన్న ఫోల్డరూ రూట్ తప్ప ఇంకెవరూ రాయలేనివిగా ఉండాలి. లేకపోతే లెక్క తనకి కావలసిన కమాండు అందులో చేర్చుకుని రూట్‌గా నడిపేస్తాడు.

బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చాక

ఇంత కష్టపడి పెట్టిన బిట్లు ఎక్కువగా పోయేది బ్యాకప్ దగ్గరే. దుకాణంలో కొన్న పెన్‌డ్రైవ్ చాలావరకు ఫ్యాట్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయి ఉంటుంది. అందులో యూనిక్స్ పర్మిషన్లకి చోటే లేదు. ఫోల్డరుని నేరుగా దాని మీదకి కాపీ చేస్తే ఎస్, టీ, గ్రూపు, ఓనరు అన్నీ గాలికి పోతాయి. మొత్తాన్ని ఒక టార్ ఫైలుగా కట్టి ఆ ఒక్క ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేయండి:

సుడో టార్ --ఏసీఎల్స్ -సీజెడ్‌ఎఫ్ నీరు.టీజీజెడ్ -సీ /ఎస్ఆర్‌వీ నీరు తుది

రెండో సీ పెద్దది. విప్పేటప్పుడు కూడా సుడో, --ఏసీఎల్స్ రెండూ ఉండాలి. మామూలు యూజరుగా విప్పితే టార్ ప్రత్యేక బిట్లని తీసేసి, మిగతా హక్కులని కూడా ఆ యూజరు యూమాస్క్ ప్రకారం కోసేస్తుంది. కొత్త మెషీన్లో ల్యాబ్ గ్రూపునీ ముగ్గురు యూజర్లనీ విప్పడానికి ముందే సృష్టించుకోండి.

విప్పాక ఇది కొట్టండి:

స్టాట్ -సీ '%ఏ %యూ:%జీ %ఎన్' /ఎస్ఆర్‌వీ/నీరు /ఎస్ఆర్‌వీ/తుది

2770 రూట్:ల్యాబ్, 3770 రూట్:ల్యాబ్ అని రావాలి. నాలుగంకెల బదులు మూడే కనిపిస్తే సీహెచ్‌మాడ్ మళ్ళీ కొట్టి, లోపలి ఫోల్డర్లకి పైన చెప్పిన ఫైండ్ కమాండు నడిపి, జీఈటీఎఫ్ఏసీఎల్‌తో డిఫాల్ట్ వరసలు ఉన్నాయో లేదో చూడండి. అప్పుడు పరీక్ష లాగిన్‌తో ఒక ఉత్తుత్తి ఫైలు నీరులో సృష్టించి, సలహా లాగిన్‌తో అందులో ఒక వరస రాయండి. తర్వాత ఇంకోటి తుదిలో సృష్టించి, లెక్క లాగిన్‌తో తీసేయబోండి. మొదటిది కుదరాలి, రెండోది కుదరకూడదు.